ఒంటరిగా బార్బడోస్, అదీ సీజన్ అంచున: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది గుంటూరు, ఉద్యోగం టొరంటోలో. 2023 మేలో ఒకసారి, 2024 నవంబరు చివర్లో ఇంకోసారి కరీబియన్ దీవి బార్బడోస్ వెళ్లొచ్చాను. రెండుసార్లూ ఒక్కదాన్నే. అప్పటి నుంచి వాట్సాప్‌లోనూ, పెళ్లిళ్లలోనూ, ఆఫీసు క్యాంటీన్‌లోనూ నాకు ఎదురయ్యేవి అవే ప్రశ్నలు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయి ఇలా రాసి పెట్టాను. ప్రశ్నలు అడిగినవాళ్ల మాటల్లోనే ఉన్నాయి. మీకు కావాల్సింది మాత్రం చదువుకోండి.

## వెళ్లాలా వద్దా అని ఊగుతున్నప్పుడు

షోల్డర్ సీజన్ అంటున్నావు, అంటే ఏ నెలలు?

బార్బడోస్‌లో అసలు సీజన్ డిసెంబరు మధ్య నుంచి ఏప్రిల్ మధ్య వరకు. మంచు దేశాల వాళ్లంతా ఎండ కోసం అప్పుడే దిగుతారు. జూన్ నుంచి నవంబరు దాకా వానలు, తుఫానుల కాలం. ఈ రెంటికీ మధ్య రెండు చిన్న సందులు ఉన్నాయి: ఏప్రిల్ మధ్య నుంచి మే ఆఖరు వరకు ఒకటి, నవంబరు రెండో సగం నుంచి డిసెంబరు మొదటి రెండు వారాల వరకు ఇంకొకటి. అప్పుడు రేట్లు దిగుతాయి, బీచ్‌లో చోటు దొరుకుతుంది, దుకాణాల వాళ్లకు మీతో మాట్లాడే తీరిక ఉంటుంది. ఒంటరిగా వెళ్లేవాళ్లకు ఈ మూడోదే అన్నిటికంటే పెద్ద లాభం అని నా అభిప్రాయం. జనవరిలో మీరు వందమందిలో ఒకరు. మేలో రెండో రోజుకే కొబ్బరి బోండాల ఆయన మిమ్మల్ని గుర్తుపడతాడు.

మే మంచిదా, నవంబరు మంచిదా? ఒక్కటే చెప్పు.

మొదటిసారైతే మే. వాన తక్కువ, సాయంత్రం ఆరుంబావు దాటేదాకా వెలుతురు ఉంటుంది. నవంబరులో ఐదున్నరకే పొద్దుగూకుతుంది. ఒంటరిగా ఉన్నవాళ్లకు ఆ ముప్పావు గంట తేడా చిన్నది కాదు. మేలో ఉన్న ఇబ్బంది సముద్రపు నాచు.

నవంబరులో కొండలన్నీ పచ్చగా ఉంటాయి. అదీ కాక నవంబరు 30 వాళ్ల స్వాతంత్ర్య దినం. 1966లో అదే రోజు స్వాతంత్ర్యం వచ్చింది, 2021లో అదే రోజు బ్రిటన్ రాణిని పక్కనపెట్టి రిపబ్లిక్ అయింది. ఊరంతా నీలం, పసుపు దీపాలతో వెలుగుతుంది. నాకు నవంబరే ఎక్కువ నచ్చింది, కానీ సగం రోజులు ఏదో ఒక పూట తడిశాను.

ఎండ మరీ దారుణమా?

రాజధాని బ్రిడ్జ్‌టౌన్ దాదాపు చెన్నై అక్షాంశం మీదే ఉంది, 13 డిగ్రీల ఉత్తరం. అయినా ఏడాది పొడవునా 24 నుంచి 31 డిగ్రీల మధ్యే. తూర్పు నుంచి గాలి ఆగకుండా వీస్తుంది కాబట్టి గుంటూరు మే నెలతో పోలికే లేదు. ఆ గాలి వల్లే మోసపోతాం: చల్లగా ఉందనుకుంటూ నడుస్తాం, రాత్రికి మెడ మండుతుంది.

తుఫాను వస్తే? మన క్రికెట్ టీమే అక్కడ ఇరుక్కుపోయింది కదా!

అవును. 2024 జూన్ 29న అక్కడి కెన్సింగ్టన్ ఓవల్ స్టేడియంలో టీ20 ప్రపంచ కప్ గెలిచారు, వెంటనే బెరిల్ తుఫాను వచ్చి ఎయిర్‌పోర్టు మూసేశారు, మనవాళ్లు ప్రత్యేక విమానంలో జూలై 4న ఢిల్లీ చేరారు. బెరిల్ కేంద్రం జూలై 1న బార్బడోస్‌కి దక్షిణంగా వెళ్లి గ్రెనడాకి చెందిన కారియకూ దీవిని తాకింది. బార్బడోస్‌లో ఎక్కువ దెబ్బ తిన్నవి చేపల పడవలు.

తుఫాను కాలం లెక్కప్రకారం జూన్ 1 నుంచి నవంబరు 30. మేలో భయం చాలా తక్కువ, నవంబరు చివర్లో కొంచెం ఉంటుంది. ఈ దీవి మిగతా దీవుల వరసకి తూర్పుగా విడిగా ఉండటం వల్ల చాలా తుఫానులు పక్కనుంచి పోతాయి, అన్నీ కాదు. 1955లో జానెట్, 2021లో ఎల్సా నేరుగా తగిలాయి. నవంబరులో వెళ్తే ఇన్సూరెన్స్ టికెట్‌తో పాటే కొనండి. తుఫానుకి పేరు పెట్టాక కొన్న పాలసీ ఆ తుఫానుకి పనికిరాదు.

ఆడపిల్లవి ఒక్కదానివే వెళ్లావు, భయం వేయలేదా? ఇంట్లో ఎలా ఒప్పుకున్నారు?

ఇంట్లో ఒప్పుకోలేదు, టికెట్ కొన్నాక చెప్పాను. ఇది సలహా కాదు.

భయం విషయానికొస్తే, పగటిపూట ఎక్కడా అనిపించలేదు. దారిలో మగవాళ్లు "స్వీట్‌హార్ట్" అనో "ప్రిన్సెస్" అనో పిలవడం మాత్రం మామూలే. బీచ్‌లో గంజాయి కావాలా అని అడిగేవాళ్లూ ఉంటారు. ఆగకుండా, నవ్వకుండా "గుడ్ ఆఫ్టర్‌నూన్" అనేసి నడిచిపోతే వెంటపడలేదు. చీకటి పడ్డాక ఖాళీ బీచ్ మీద నడవలేదు, బస్టాప్ నుంచి రూమ్ దూరమైతే టాక్సీ తీసుకున్నాను. విజయవాడలో రాత్రి పదింటికి పాటించే జాగ్రత్తలే అవి. పోలీసు నంబరు 211, అంబులెన్స్ 511, ఫైర్ 311. ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

## వీసా, టికెట్ల దగ్గర

ఇండియన్ పాస్‌పోర్టుకి వీసా కావాలా?

చిన్న టూరుకి అక్కర్లేదు. తిరుగు టికెట్, దిగే చోటు బుకింగ్ చూపించాలి. ప్రయాణానికి ముందు ఇమిగ్రేషన్ ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి. అది ప్రభుత్వ సైట్‌లో ఉచితం, డబ్బు అడిగే సైట్లు దళారులవి. ఇమిగ్రేషన్ ఆఫీసర్ నన్ను రెండుసార్లూ "ఒక్కరేనా?" అనే అడిగాడు. అవునన్నాను, స్టాంపు కొట్టాడు. ఇలాంటి నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే ముందు ఒకసారి చూసుకోండి.

హైదరాబాద్ నుంచి ఎలా వెళ్లాలి?

నేరుగా విమానం లేదు. లండన్, టొరంటో, న్యూయార్క్, మయామీ నగరాల నుంచి బ్రిడ్జ్‌టౌన్‌కి డైరెక్ట్ విమానాలు ఉన్నాయి. లండన్ నుంచి సుమారు తొమ్మిది గంటలు, టొరంటో నుంచి ఐదు. చిక్కంతా ఈ మధ్య ఊళ్ల దగ్గరే. బార్బడోస్ వీసా అడగదు కానీ దారిలో ఉన్న దేశాలు అడుగుతాయి. అమెరికాలో ఎయిర్‌పోర్టు దాటకపోయినా ట్రాన్సిట్ వీసా తప్పదు. బ్రిటన్‌కి కూడా ట్రాన్సిట్ వీసా కావాలి. అమెరికా, కెనడా వంటి దేశాల చెల్లుబాటు వీసా చేతిలో ఉంటే కొన్ని షరతుల మీద మినహాయింపు ఉంది. లండన్‌లో హీత్రూ ఎయిర్‌పోర్టులో దిగి గాట్విక్ ఎయిర్‌పోర్టులో ఎక్కాల్సిన టికెట్ చవగ్గా దొరికిందని కొనకండి. ఎయిర్‌పోర్టు మారాలంటే దేశంలోకి అడుగుపెట్టినట్టే.

నేను అమెరికాలో హెచ్‌1బి మీద ఉన్నా, పాస్‌పోర్టులో స్టాంపింగ్ ఎక్స్‌పైర్ అయింది. వెళ్లి రావచ్చా?

వద్దు. ఎక్స్‌పైర్ అయిన స్టాంపుతో ముప్పై రోజుల్లోపు తిరిగి రానిచ్చే ఆటోమేటిక్ రీవాలిడేషన్ హెచ్‌1బి వాళ్లకి కెనడా, మెక్సికోలకే వర్తిస్తుంది. కరీబియన్ దీవులకి ఆ సౌకర్యం ఎఫ్ (విద్యార్థి), జె (ఎక్స్ఛేంజ్) వీసాల వాళ్లకి మాత్రమే, అందులోనూ క్యూబాకి లేదు. ఎఫ్‌1 విద్యార్థులైనా కాలేజీ ఇచ్చే ఐ20 పత్రం మీద ట్రావెల్ సంతకం ఉందో లేదో చూసుకుని, కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి కదలండి.

కెనడాలో ఉన్నవాళ్లకీ ఇలాంటిదే ఉంది. వర్క్ పర్మిట్ ఉంటే సరిపోదు, తిరిగి రావడానికి పాస్‌పోర్టులో చెల్లుబాటయ్యే వీసా ఉండాలి. నా స్నేహితురాలు ఈ తేడా ఎయిర్‌పోర్టుకి బయల్దేరే రోజు తెలుసుకుంది, టికెట్ డబ్బులు పోయాయి.

ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవాలా?

బార్బడోస్ ఒక్కటే చూసి వచ్చేస్తే అక్కర్లేదు. పక్కనే కదా అని ట్రినిడాడ్, గయానా, సూరినామ్ కూడా కలుపుకుంటే మాత్రం కావాలి. అవి ఎల్లో ఫీవర్ ప్రాంతాలు. అక్కడి నుంచి ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగితే సర్టిఫికెట్ అడుగుతారు, లేకపోతే క్వారంటైన్‌లో పెడతారు. టీకా వేయించుకున్న పది రోజులకు గానీ సర్టిఫికెట్ చెల్లదు.

## రూమ్, డబ్బు, సామాను

కారు లేకుండా ఎక్కడ ఉంటే నయం?

దక్షిణ తీరంలో హేస్టింగ్స్, రాక్లీ, వర్తింగ్. మెయిన్ రోడ్డు మీద బస్సులు వస్తూనే ఉంటాయి, సూపర్ మార్కెట్ నడిచే దూరం, సముద్రం పక్కనే నడకకి చెక్క బాట ఉంది. పొద్దున ఆరింటికే అక్కడ ఊరివాళ్లు వాకింగ్ చేస్తుంటారు. పశ్చిమ తీరం అందంగా ఉంటుంది కానీ డబ్బున్నవాళ్ల తీరం. ఒక్కరే ఉంటే ఆ రిసార్టుల్లో డిన్నర్ టేబుల్ దగ్గర కొత్త జంటల మధ్య కూర్చోవాలి. సెయింట్ లారెన్స్ గ్యాప్ అనే వీధి రాత్రి సందడి ఇష్టమైనవాళ్లకి.

ఒక్కరికి రూమ్ తీసుకున్నా ఇద్దరి రేటేనా?

ఎక్కువచోట్ల అంతే. ఇక్కడే సీజన్ పక్క నెలలు కాపాడతాయి: చిన్న గెస్ట్‌హౌస్‌కి నేరుగా మెయిల్ పెట్టి, వారం ఉంటాను, ఒక్కదాన్నే అని రాస్తే తగ్గిస్తారు. నాకు మేలో జనవరి రేటు మీద మూడో వంతు తగ్గించారు. కిచెన్ ఉన్న రూమ్ అడగండి.

టూర్ల దగ్గర తిప్పలు వేరు. కాటమరాన్ పడవ కనీసం ఇంతమంది ఉంటేనే కదులుతుంది. నవంబరులో నా బుకింగ్ ముందురోజు రాత్రి క్యాన్సిల్ అయింది, మనుషులు చాలలేదని. పడవ షికారు టూరు మొదటి రోజుల్లో పెట్టుకుంటే, తప్పిపోయినా మళ్లీ వెళ్లడానికి రోజులు మిగులుతాయి.

ఏ డాలర్లు తీసుకెళ్లాలి?

బార్బడోస్ డాలర్ 1975 నుంచి అమెరికా డాలర్‌కి కట్టేసి ఉంది. ఒక అమెరికా డాలర్‌కి రెండు బార్బడోస్ డాలర్లు. అమెరికా నోట్లు దాదాపు అంతటా తీసుకుంటారు, చిల్లర మాత్రం వాళ్ల డబ్బులో ఇస్తారు. రూపాయలు ఎవరూ మార్చరు.

ఒక్క మాట గట్టిగా చెప్తా. ధర విన్నప్పుడల్లా "ఏ డాలర్లు?" అని అడగండి. టాక్సీలకు మీటర్ లేదు. మొదటిసారి ఎయిర్‌పోర్టులో టాక్సీ ఆయన ముప్పై ఐదు అన్నాడు. నేను బార్బడోస్ డాలర్లనుకున్నాను, ఆయన అమెరికా డాలర్లనుకున్నాడు. రూమ్ ముందు దిగాక రెట్టింపు కట్టాను. మోసం అనలేను, ఆయన అడిగింది ఒకటి, నేను విన్నది ఇంకొకటి.

సామానులో ఏం మర్చిపోకూడదు?

ప్లగ్గులు అమెరికా రకం, కరెంటు 115 వోల్టులు. ఫోన్ చార్జర్ పనిచేస్తుంది, ఇండియాలో కొన్న హెయిర్ డ్రయర్ పనిచేయదు. దోమల మందు తీసుకెళ్లండి, డెంగీ అక్కడా ఉంది. గొడుగు గాలికి తిరగబడుతుంది, పల్చటి రెయిన్ జాకెట్ నయం.

మిలటరీ డిజైన్ బట్టలు మాత్రం పెట్టుకోవద్దు. ఆకుపచ్చ మచ్చల ప్యాంటు, టోపీ, బ్యాగు, ఏదైనా సరే. సైన్యం తప్ప ఇంకెవరూ వేసుకోకూడదని అక్కడ చట్టం ఉంది, పిల్లలకీ మినహాయింపు లేదు.

## దిగాక

బస్సుల్లో తిరగొచ్చా? అర్థమవుతాయా?

తిరగాల్సిందే. దీవి మొత్తం 430 చదరపు కిలోమీటర్లు, పొడవు 34 కిలోమీటర్లు. ఎక్కడికైనా టికెట్ 3.50 బార్బడోస్ డాలర్లే. మూడు రకాల బండ్లున్నాయి. నీలం బస్సులు ప్రభుత్వానివి, అందులో చిల్లర ఇవ్వరు, సరిగ్గా లెక్కపెట్టి వేయాలి. పసుపు మినీ బస్సులు ప్రైవేటువి, పాటలు హోరెత్తిపోతాయి. తెల్ల వ్యాన్‌లను నంబర్ ప్లేట్‌ని బట్టి జెడ్‌ఆర్ అంటారు. అది మన షేర్ ఆటోకి అన్నయ్య. నలుగురి సీటులో ఐదో మనిషిని సర్దుతారు. నా ఒళ్లో ఒకావిడ సంచీ పెట్టేసింది, అడగలేదు, నేనూ ఏమనలేదు.

స్టాప్ బోర్డు మీద ఊరిపేరు ఉండదు. "టు సిటీ" అని ఉంటే బ్రిడ్జ్‌టౌన్ వైపు, "అవుట్ ఆఫ్ సిటీ" అని ఉంటే అటు నుంచి బయటికి. చెయ్యి ఊపకపోతే బస్సు ఆగదు. ఎక్కగానే "గుడ్ మార్నింగ్" అనాలి, ఎవరికని కాదు, బస్సుకంతటికీ. దుకాణంలోకి వెళ్లినా అంతే. పలకరించకుండా "ఇదెంత?" అని అడిగితే మొహం మాడ్చుకుంటారు. నాకు ఇది పట్టుబడటానికి రెండు రోజులు పట్టింది, ఆ తర్వాత ఊరు మారిపోయినట్టనిపించింది.

చిల్లరలో ఏడు పలకల నాణెం వస్తుంది, దానిమీద రెక్కల చేప. అది ఒక డాలర్. అవి దాచుకుంటూ ఉంటే నీలం బస్సుకి ఇబ్బంది ఉండదు.

కారు అద్దెకు తీసుకోనా?

ఒక్కరికే అయితే ఒక రోజుకి చాలు, ఉత్తరం వైపు చూడటానికి. మనలాగే ఎడమవైపు నడపాలి, అది హాయి. విజిటర్ పర్మిట్ కారు ఇచ్చేవాళ్లే రాసిస్తారు. రోడ్లు ఇరుకు, చెరకు తోటల మధ్య మలుపులు కనబడవు.

సముద్రంలో ఒంటరిగా దిగొచ్చా?

ఏ తీరం అన్నదాన్ని బట్టి. పడమర వైపు నీళ్లు చెరువులా ఉంటాయి. బ్రిడ్జ్‌టౌన్ పక్కన కార్లైల్ బే కూడా అంతే, తాబేళ్లు, మునిగిన ఓడలు అక్కడే. దక్షిణాన అలలు ఓ మాదిరి. తూర్పు తీరం, అంటే బత్షెబా వైపు, అట్లాంటిక్ నేరుగా కొడుతుంది. అక్కడ ఈత వద్దు. అలవాటున్న సర్ఫర్లు దిగుతున్నారని మీరు దిగకండి. అక్కడ రాళ్ల మధ్య నిలిచిన నీటి గుంటల్లో కూర్చుని అలల చప్పుడు వినడమే అసలు సుఖం.

ఒంటరిగా ఉన్నప్పుడు ఫోన్, తాళం ఎక్కడ పెట్టాలన్నది అసలు సమస్య. నేను వాటర్‌ప్రూఫ్ సంచీ నడుముకి కట్టుకున్నాను. బీచ్‌లన్నీ ప్రజలవే, పెద్ద హోటల్ ముందున్న ఇసుక మీదైనా కూర్చోవచ్చు.

బీచ్‌లో ఏదో విషపు చెట్టు ఉంటుందట, నిజమేనా?

నిజం. దాని పేరు మంచినీల్. పేరులో మంచి ఉంది, మనిషికి మంచిది కాదు. చిన్న ఆకుపచ్చ ఆపిల్‌లాంటి కాయలు, ఇసుక మీద రాలి ఉంటాయి. తింటే నోరు, గొంతు బొబ్బలెక్కుతాయి. చెట్టు పాలు తగిలినా చర్మం కాలినట్టవుతుంది. వాన వస్తే దాని కింద నిలబడకూడదు, ఆకుల మీంచి కారే నీళ్లే చాలు. చాలాచోట్ల మానుకి ఎర్ర గీత గీసి ఉంచుతారు. గీత లేకపోయినా తెలియని చెట్టయితే దూరంగా ఉండండి.

నాచు కంపు గురించి చెప్తున్నారు, టూరు పాడైపోతుందా?

సర్గాసమ్ అనే గోధుమరంగు నాచు 2011 నుంచి కుప్పలు కుప్పలుగా కొట్టుకొస్తోంది. వేసవి నెలల్లో, మేతో సహా, తూర్పు, దక్షిణ తీరాలకి ఎక్కువ. కుళ్లితే కోడిగుడ్డు మురిగిన వాసన. కానీ ఒక బీచ్ నిండా ఉన్న రోజే పడమర వైపు నీళ్లు అద్దంలా ఉంటాయి. బస్సెక్కి అటు పోవడమే.

నేను వెజిటేరియన్‌ని. పస్తులేనా?

పస్తులుండవు కానీ అడిగి తినాలి. బంగాళాదుంప, శనగలు వేసిన కర్రీ రోటీ దాదాపు అన్ని చోట్లా దొరుకుతుంది. రాస్తాఫారీ మతం వాళ్లు నడిపే "ఐటల్" కొట్లలో మాంసం ఉండదు. సీమపనస వేయించి ఇస్తారు, చీజ్ వేసి బేక్ చేసిన "మకరోనీ పై" అనే వంటకం ఉంటుంది. కూకూ అనే వంటకం చూస్తే మనకి నవ్వొస్తుంది: మొక్కజొన్న పిండిలో బెండకాయలు ఉడికించి, చెక్క తెడ్డుతో గిన్నె అంచుకి కొట్టి కొట్టి కలుపుతారు. అచ్చంగా సంకటి. బెండకాయ జిగురుకి చెంచా నుంచి జారి పళ్లెంలో గుండ్రంగా కూర్చుంటుంది. దానిమీద చేప గ్రేవీ పోస్తారు, వద్దని ముందే చెప్పాలి.

"రైస్ అండ్ పీస్" అన్నదాంట్లో పీస్ అంటే చాలాసార్లు మన కందులే. అయితే నమ్మేసి తినకండి, ఉప్పుపట్టిన పంది మాంసం ముక్క వేసి ఉడికించడం అక్కడ మామూలు. "సాల్ట్ మీట్ వేశారా?" అని అడగండి. కుళాయి నీళ్లు తాగొచ్చు, సున్నపురాయి పొరల్లో వడగట్టి వచ్చినవి.

మెనూలో డాల్ఫిన్ అని ఉంది!

కంగారు పడకండి, అది డాల్ఫిన్ కాదు. మాహీమాహీ అనే చేపని అక్కడ అలా పిలుస్తారు. చాలా బాగుంటుంది.

రాత్రిళ్లు ఒక్కరే ఏం చేస్తారు? రూమ్‌లో కూర్చోవాలా?

శుక్రవారం దక్షిణ తీరంలోని ఆయిస్టిన్స్ అనే ఊరు వెళ్లండి. చేపల మార్కెట్ పక్కన బొగ్గుల మీద చేపలు కాలుస్తారు, పొడవాటి బల్లల మీద అందరూ కలిసి కూర్చుంటారు, ఒక మూల పెద్దవాళ్లు పాత పాటలకి డాన్స్ చేస్తుంటారు. ఒక్కరే వచ్చారని ఎవరికీ తెలియదు. నా ఎదురుగా కూర్చున్న పెద్దాయన పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారట. ఇండియా అనగానే గవాస్కర్ గురించి నలభై నిమిషాలు మాట్లాడారు, నేను చేపముక్క తినడం మర్చిపోయాను. పదింటికల్లా తిరిగి బయల్దేరండి, బస్సులు ఉంటాయి.

కెన్సింగ్టన్ ఓవల్ చూడొచ్చా?

బ్రిడ్జ్‌టౌన్ బస్టాండు నుంచి నడిచే దూరం. బయట వాళ్ల క్రికెట్ దిగ్గజం గారీ సోబర్స్ విగ్రహం ఉంది. మ్యాచ్ లేని రోజు గేటు దగ్గర మర్యాదగా అడిగి చూడండి. నవంబరులో వాచ్‌మన్ నన్ను రెండు నిమిషాలు లోపలికి రానిచ్చాడు. ఆ ప్రపంచ కప్ ఫైనల్లో సూర్యకుమార్ క్యాచ్ పట్టింది ఏ వైపో నేను అడగకముందే వేలితో చూపించాడు. ఇండియన్లు అందరూ అదే అడుగుతారట.

తెలుగువాళ్లు ఉన్నారా అక్కడ?

ట్రినిడాడ్, గయానాల్లాగా ఇక్కడికి బ్రిటిష్ కాలంలో భారతీయ కూలీల ఓడలు రాలేదు. 20వ శతాబ్దంలో వచ్చిన బెంగాలీ, గుజరాతీ వ్యాపార కుటుంబాలే పాత భారతీయులు. తెలుగు మాట వినిపించిందంటే చాలావరకు మెడికల్ కాలేజీ పిల్లలదే. సూపర్ మార్కెట్‌లో పెరుగు డబ్బాల దగ్గర ఒక ఖమ్మం అబ్బాయి నన్ను "అక్కా, ఇది పుల్లగా ఉంటదా?" అని అడిగాడు. నేను తెలుగని ఎలా తెలిసిందంటే, ఫోన్‌లో మా అమ్మతో అరుస్తున్నానట.

## తిరిగొచ్చేటప్పుడు

ఇంటికి ఏం తేవాలి?

పెప్పర్ సాస్. బార్బడోస్‌ది పసుపు రంగు. స్కాచ్ బోనెట్ మిరపకాయలో ఆవాలు, పసుపు కలిపి చేస్తారు. చెక్ఇన్ బ్యాగులో పెట్టండి, చేతి సంచీలో పెడితే సెక్యూరిటీ దగ్గరే పోతుంది. నేను రెండు సీసాలు గుంటూరు పంపాను. మా అమ్మ వేలితో నాకి చూసి, "ఆవఘాటు సరిపోయింది, నూనె పోయడం మర్చిపోయారు" అంది.